లెన్స్ కొనే ముందు గది కొలవండి

(ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం సందర్భంగా హనుమకొండలో స్టూడియో ఫోటోగ్రాఫర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తోటి ఫోటోగ్రాఫర్లకు, ఇప్పుడిప్పుడే పని నేర్చుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. 1839లో ఇదే ఆగస్టు 19న ఫ్రాన్స్‌లో లూయీ డగేర్ కనిపెట్టిన ఫోటో పద్ధతిని లోకానికి వెల్లడించారు. అందుకే ఈ రోజు మనది. శ్రావణమాసం ముహూర్తాల మధ్యలో షట్టర్లు దించి పరకాల, జనగామ, హుజూరాబాద్, భూపాలపల్లి నుంచి కూడా వచ్చారు. ఊకదంపుడు లేకుండా నేరుగా విషయంలోకి వెళ్తాను.

నాకు ఇచ్చిన విషయం మీడియం ఫార్మాట్ లెన్సులు, అంటే మామూలు ఫుల్ ఫ్రేమ్ కంటే పెద్ద సెన్సర్ లేదా ఫిల్మ్ ఉన్న కెమెరాల లెన్సులు. స్టూడియోకు, పోర్ట్రెయిట్‌లకు ఏది తీసుకోవాలి అని. నాకు ఫోన్ చేసేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, 110 తీసుకోవాలా, 80 తీసుకోవాలా?" (ఈ అంకె ఎంఎంలో లెన్స్ ఫోకల్ లెంగ్త్; అది పెరిగేకొద్దీ లెన్స్ చూపే వెడల్పు తగ్గుతుంది.) నేను తిరిగి అడిగేదీ ఒకటే: "మీ షూటింగ్ గది పొడవెంత?" బాడీ ధర, లెన్స్ ధర అందరికీ కంఠతా వచ్చు. గది పొడవు మాత్రం "పెద్దదే అన్నా" అంటారు. ఆ పొడవు అడుగుల్లో తెలియకుండా లక్షలు పెట్టి లెన్స్ కొనడం సరికాదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో లెక్కలతో సహా చెప్తాను.

ముందు ఫార్మాట్ సంగతి రెండు ముక్కల్లో. మనం వాడే ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 × 24 ఎంఎం. ఫుజీఫిల్మ్ జీఎఫ్‌ఎక్స్, హాసెల్‌బ్లాడ్ ఎక్స్ సిరీస్ కెమెరాల్లో ఉండేది 43.8 × 32.9. ఫేజ్ వన్ పెద్ద బ్యాకుల్లో, అంటే కెమెరా వెనక తగిలించే సెన్సర్ పెట్టెల్లో, 53.4 × 40. ఫిల్మ్‌లో అయితే 6×6 నెగెటివ్ అసలు కొలత 56 × 56, 6×7 అంటే దాదాపు 56 × 70. సెన్సర్ మారితే అదే లెన్స్ చూపే వెడల్పు మారుతుంది. జీఎఫ్‌ఎక్స్ లెన్స్ నంబరును 0.79తో గుణిస్తే ఫుల్ ఫ్రేమ్‌లో దానికి సమానమైనది వస్తుంది. అంటే 110 ఎంఎం మనకు తెలిసిన 87 లాంటిది, 80 ఎంఎం 63 లాంటిది, 63 ఎంఎం 50 లాంటిది. 6×6లో సుమారుగా 0.55తో గుణించాలి. 6×7లో సగం చేస్తే చాలు. అందుకే మామియా ఆర్‌జెడ్ 67 వాడినవాళ్లు 180 ఎంఎం పోర్ట్రెయిట్ లెన్స్ అంటారు, హాసెల్‌బ్లాడ్ 500 సిరీస్ వాడినవాళ్లు 150 అంటారు, జీఎఫ్‌ఎక్స్ వాడేవాళ్లు 110 అంటారు. ముగ్గురూ చెప్పేది దాదాపు ఒకే లెన్స్ గురించి.

ఇక అసలు మాట. ముఖం ఎలా కనిపిస్తుందో నిర్ణయించేది ఫోకల్ లెంగ్త్ కాదు, కెమెరాకూ మనిషికీ మధ్య దూరం. "85 అయితే ముఖం బాగుంటుంది, 35 అయితే ముక్కు పెద్దగా వస్తుంది" అని మనం వింటూ వచ్చాం. 35తో ముఖం నింపాలంటే దగ్గరికి పోక తప్పదు, అలా దగ్గరికి పోవడం వల్లే ముక్కు పెరుగుతుంది. ఒక లెక్క చూడండి. ముక్కు కొస నుంచి చెవి దాకా సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. కెమెరా ముక్కుకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవి 72 దగ్గర ఉంటుంది. అంటే చెవితో పోలిస్తే ముక్కు 20 శాతం పెద్దగా పడుతుంది. అదే కెమెరాను ఒకటిన్నర మీటరుకు తీసుకెళ్తే తేడా 8 శాతానికి దిగుతుంది. మూడు మీటర్లకు పోతే 4 శాతమే. ఫోన్ సెల్ఫీలో ముఖం అలా రావడానికి కారణం చెయ్యి పొడవు, అంతే. మరీ దూరం పోయినా ఇంకో ఇబ్బంది ఉంది. ముఖం చదునైపోతుంది, గుండ్రటి ముఖాలు ఇంకా వెడల్పుగా కనిపిస్తాయి. ఒకటిన్నర మీటర్ల నుంచి రెండున్నర మీటర్ల మధ్య, అంటే 5 నుంచి 8 అడుగుల దూరంలో, ముఖం మనకు అలవాటైన ముఖంలా ఉంటుంది. మనం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే దూరం కూడా అదే.

ఇది నాకు ఎందుకు అంత ముఖ్యమో చెప్తాను. మన దగ్గర పెద్దవాళ్లు స్టూడియోకు వచ్చి తీయించుకునే ఫోటోకు ఇంకో పని కూడా ఉంటుంది. పింఛను కోసమో, పాస్‌పోర్ట్ కోసమో, మనవరాలి పెళ్లి రోజునో తీసిన ఆ ఒక్క ఫోటోనే తర్వాత పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, గోడకు పెట్టి దండ వేస్తారు. ఆ ఇంట్లో పుట్టబోయే పిల్లలకు ఆ అవ్వ ముఖం అంటే ఆ ఫోటోనే. నాలుగడుగుల లోపల నిలబడి తీసి, ముక్కు పెంచి, చెవులు వెనక్కి నెట్టి ఇస్తే, వాళ్లకు ఎప్పటికీ తప్పుడు ముఖమే మిగులుతుంది. కస్టమర్ ఇది గుర్తించకపోవచ్చు. "ఎందుకో అమ్మలా లేదు" అని మాత్రం ఇంట్లోవాళ్లకు అనిపిస్తుంది. ఆ మాట మన పని మీద పడకూడదు.

కాబట్టి ముందు దూరం ఖాయం చేసుకోవాలి. ఆ దూరం నుంచి కావాల్సినంత ఫ్రేమ్‌లో పట్టే లెన్స్ ఏదో తర్వాత చూసుకోవాలి. దీనికి చిన్న లెక్క ఉంది, రాసుకోండి. జీఎఫ్‌ఎక్స్ లేదా హాసెల్‌బ్లాడ్ ఎక్స్‌ను నిలువుగా పట్టుకుంటే సెన్సర్ ఎత్తు దాదాపు 44 ఎంఎం. ఫ్రేమ్‌లో ఎన్ని అడుగుల ఎత్తు పట్టాలో దాన్ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో గుణించి 44తో భాగించండి. అదే మీరు నిలబడాల్సిన దూరం, అడుగుల్లో. దగ్గరి ఫ్రేములకు ఒక అరడుగు కలుపుకోండి.

110 ఎంఎం తీసుకుందాం. బస్ట్ ఫోటో అంటే తల, భుజాలు, రెండడుగుల ఫ్రేమ్. రెండును 110తో గుణించి 44తో భాగిస్తే 5 అడుగులు. ఇది చక్కటి దూరం. ఈ లెన్స్‌కు అంత పేరు రావడానికి ఇదీ ఒక కారణం. నడుము దాకా కావాలంటే మూడున్నర అడుగుల ఫ్రేమ్, అప్పుడు దాదాపు 9 అడుగులు. పాదాల దాకా నిలువెత్తు ఫోటోకు ఏడడుగుల ఫ్రేమ్, అప్పుడు పదిహేడున్నర అడుగులు. ఇప్పుడు మీ గది గుర్తుచేసుకోండి.

మనలో చాలామందివి షట్టర్ దుకాణాలు. ముందు కౌంటర్, కంప్యూటర్, ప్రింటర్. లోపల పార్టిషన్ వెనక షూటింగ్ గది 15 అడుగులు ఉంటే గొప్పే. అందులో బ్యాక్‌గ్రౌండ్ స్టాండుకు ఒక అడుగు పోతుంది. మనిషిని బ్యాక్‌గ్రౌండ్‌కు కనీసం నాలుగడుగులు ముందుకు జరపాలి, లేకపోతే నీడ వెనక తెర మీద పడుతుంది, తెర ముడతలు కూడా షార్ప్‌గా వస్తాయి. కెమెరా వెనక మనం నిలబడటానికి రెండడుగులు. మిగిలేది 8 అడుగులు. ఈ గదిలో 110తో బస్ట్ ఫోటో హాయిగా వస్తుంది. నడుము దాకా తీయాలంటే వీపు గోడకు ఆనుతుంది. నిలువెత్తు ఫోటో అసలు కుదరదు. 80తో బస్ట్ మూడున్నర, నాలుగడుగుల నుంచి, నడుము దాకా ఆరున్నర అడుగుల నుంచి వస్తుంది. నిలువెత్తు ఫోటోకు దానికీ 13 అడుగులు కావాలి. 63కు కూడా 10 అడుగులు కావాలి. ఆ గదిలో పాదాల దాకా పట్టాలంటే 45 ఎంఎం కావాలి, 7 అడుగుల నుంచి.

అందుకే, 15 అడుగుల గది ఉండి ఫ్లాష్ లైట్లతో పనిచేసే స్టూడియోకు నేను మొదట చెప్పేది 110 కాదు, 80 కాదు. 45-100 ఎఫ్ 4 జూమ్, అంటే 45 నుంచి 100 ఎంఎం దాకా మార్చుకోగల లెన్స్. ఈ మాట వినగానే చాలామంది ముఖం మాడుస్తారు. ఇంత పెట్టి మీడియం ఫార్మాట్ కొని జూమ్ వాడతామా, ఎఫ్ 4 వాడతామా అని. ఎఫ్ అంకె అపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని చెప్తుంది; అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. స్టూడియోలో మీరు వాడే అపర్చర్ ఎంత? ఎఫ్ 8, ఎఫ్ 11. అక్కడికి వచ్చేసరికి ఎఫ్ 1.7 లెన్స్ కూడా ఎఫ్ 8 లెన్సే. జూమ్ ఉంటే ట్రైపాడ్‌ను 7 అడుగుల దగ్గర పెట్టి, అదే చోటు నుంచి పాదాల దాకా, నడుము దాకా, కొంచెం ముందుకు జరిగి బస్ట్ దాకా అన్నీ తీయొచ్చు. మూడు లెన్సుల డబ్బు ఒకేసారి పెట్టక్కర్లేదు. 110ను ఆ తర్వాత, పని పెరిగినప్పుడు, ఇష్టంగా కొనుక్కోండి. అది ఇష్టపడి కొనుక్కోదగ్గ లెన్సే.

నిలువెత్తు ఫోటో గురించి ఒక జాగ్రత్త. 7 అడుగుల నుంచి 45తో తీసేటప్పుడు కెమెరా మీ కంటి ఎత్తులో పెడితే కాళ్లు పొట్టిగా, తల పెద్దగా వస్తాయి. బొడ్డు ఎత్తుకు దించండి. పాత ఫోటోలు చూడండి, యాషికా ట్విన్ లెన్స్ కెమెరాలతో తీసినవి. మనుషులు నిటారుగా, హుందాగా కనిపిస్తారు. ఆ కెమెరాను పైనుంచి తొంగిచూస్తూ ఛాతీ దగ్గర, నడుము దగ్గర పట్టుకునేవాళ్లు. ఎత్తు దానంతట అదే సరిపోయేది. దూరం విషయంలోనూ ఆ కెమెరా మంచే చేసింది. దాని 80 ఎంఎం లెన్స్ ఒక మీటరు కంటే దగ్గరికి ఫోకస్ అయ్యేది కాదు. క్లోజప్ అద్దం తగిలించకపోతే మరీ ముఖం మీదికి పోయే వీలే లేదు. కాస్త దూరం నుంచి తీసి, డార్క్‌రూమ్‌లో ఎన్‌లార్జర్ కింద కావాల్సినంత కోసుకునేవాళ్లు. రోల్‌కు 12 ఫోటోలే కాబట్టి ప్రతిదీ ఆలోచించి నొక్కేవాళ్లు.

ఆ కోసుకునే పద్ధతి ఇవాళ మనకు ఇంకా బాగా పనికొస్తుంది. జీఎఫ్‌ఎక్స్ 100 రకం కెమెరాల్లో 102 మెగాపిక్సెళ్లు ఉన్నాయి. మీ దగ్గర 63 ఎంఎం ఒక్కటే ఉందనుకోండి. దానితో బస్ట్ ఫోటోకు మూడడుగుల దగ్గరికి పోకండి. 5 అడుగుల దగ్గరే ఉండి తీయండి. తర్వాత 110 ఎంత చూపిస్తుందో అంత క్రాప్ చేయండి. ఇంకా 33 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. 12 × 18 ఫ్రేముకు అది ఎక్కువే. పర్‌స్పెక్టివ్, అంటే దగ్గరివీ దూరంవీ కనిపించే పోలిక, మాత్రం అచ్చంగా 110తో తీసినట్టే ఉంటుంది, ఎందుకంటే మీరు నిలబడిన చోటు అదే కదా.

ఇప్పుడు అపర్చర్. మీడియం ఫార్మాట్ అనగానే బ్లర్, బొకే (వెనక మసకగా కనిపించే అందం) అనే మాటలు ముందొస్తాయి. 110 ఎఫ్ 2తో బస్ట్ ఫోటో, పూర్తిగా తెరిచి తీస్తే షార్ప్‌గా ఉండే లోతు సుమారు 3 సెంటీమీటర్లు. ముఖం ఒక్కటే నింపితే ఒక సెంటీమీటరు కూడా ఉండదు. ఒక కన్ను షార్ప్‌గా ఉంటుంది, తల కొద్దిగా తిప్పితే రెండో కన్ను పోతుంది. 102 మెగాపిక్సెళ్ల మీద పెద్దది చేసి చూస్తే ఆ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది. పెళ్లికూతురు ముక్కుపుడక షార్ప్‌గా వచ్చి కళ్లు మెత్తబడితే ఆ ఫోటో ఎవరికి ఇస్తాం? స్టూడియోలో బస్ట్‌కు ఎఫ్ 8 పెడితే 12 సెంటీమీటర్ల దాకా వస్తుంది. ముక్కు నుంచి చెవి దాకా సరిపోతుంది. ఎఫ్ 11 దాకా నిశ్చింతగా పోవచ్చు. ఎఫ్ 16కు పోతే డిఫ్రాక్షన్ వల్ల, అంటే చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుగు చెదరడం వల్ల, ఫోటో మొత్తం మెత్తబడటం మొదలవుతుంది. నగలు దగ్గరగా తీయాల్సినప్పుడు తప్ప అటు పోవద్దు.

నగల మాట వచ్చింది కాబట్టి, చిన్న వస్తువులను బాగా దగ్గరగా తీసే మాక్రో లెన్స్ సంగతి. ఫుజీలో 120 ఎఫ్ 4 మాక్రో ఉంది, హాసెల్‌బ్లాడ్ ఎక్స్‌లో 120 ఎఫ్ 3.5, పాత హాసెల్‌బ్లాడ్‌లో జైస్ మాక్రో ప్లానార్ 120 ఎఫ్ 4. వడ్డాణం మీది నగిషీ, కరీంనగర్ వెండి తీగ పని, పెంబర్తి ఇత్తడి బొమ్మలు తీసేవాళ్లకు ఇంతకంటే మంచి సాధనం లేదు. పోర్ట్రెయిట్‌కూ దూరం సరిగ్గా సరిపోతుంది. అయితే చర్మం మీద ప్రతి రంధ్రం, ప్రతి మచ్చ, మేకప్ పొర అన్నీ చూపిస్తుంది. వయసు మళ్లినవాళ్ల ముఖం గంభీరంగా తీయాలనుకున్నప్పుడు నాకు అది ఇష్టం. పెళ్లికూతురికి మాత్రం తొందరపడి వాడను.

పాతకాలంలో ఈ పదును తగ్గించడానికే సాఫ్ట్ ఫోకస్ లెన్సులు చేశారు. మామియా ఆర్‌బీ 67కు 150 ఎంఎం సాఫ్ట్ ఫోకస్ లెన్స్ ఉండేది. లోపల రంధ్రాలున్న బిళ్లలు మార్చి ఎంత మెత్తదనం కావాలో పెట్టుకునేవాళ్లు. హాసెల్‌బ్లాడ్ వాళ్లకు సాఫ్టార్ ఫిల్టర్లు ఉండేవి, మూడు మోతాదుల్లో. ఇవాళ బ్లాక్ ప్రో-మిస్ట్ ఫిల్టర్ వాడుతున్నారు. వాడితే ఎనిమిదో వంతు రకం వాడండి, అంతకు మించితే పొగమంచులో తీసినట్టు ఉంటుంది. ఫుజీ 80 ఎఫ్ 1.7కు, 110 ఎఫ్ 2కు ఫిల్టర్ సైజు ఒకటే, 77 ఎంఎం. ఒక్క ఫిల్టర్ రెంటికీ సరిపోతుంది. నా అభిప్రాయం అడిగితే, ఫిల్టర్ కంటే ముందు లైటు పెద్దది చేయండి. నాలుగడుగుల సాఫ్ట్‌బాక్స్‌ను (తెల్లగుడ్డ కప్పిన లైటు పెట్టెను) ముఖానికి దగ్గరగా తెస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది.

బట్టల సంగతి కూడా చెప్పాలి. ఈ కెమెరాల సెన్సర్ ముందు, మరీ సన్నని వివరాన్ని కాస్త మెత్తబరిచే లో-పాస్ ఫిల్టర్ ఉండదు. సన్నని నేత ఉన్న బట్ట, సూటు గుడ్డ, సన్న గళ్ల చీర ఒక్కోసారి రంగురంగుల అలల్లా కనిపిస్తాయి. మోరే అంటారు. లెన్స్ ఎంత షార్ప్‌గా ఉంటే అంత ఎక్కువ. చీర మీద అది వస్తే ఫోటోషాప్‌లో తీయడం నరకం. తీసిన వెంటనే వంద శాతం పెద్దది చేసి చూసుకోండి. కనిపిస్తే ఒక అడుగు ముందుకో వెనక్కో జరగండి, లేదా ఆ ఒక్క ఫోటోకు ఎఫ్ 16 పెట్టండి. సిద్దిపేట గొల్లభామ చీరల ప్రచారానికి ఫోటోలు తీసే వాళ్లు ఈ పరీక్ష తప్పనిసరిగా చేయాలి. నేసినవాళ్ల కష్టం అంతా ఆ నేతలోనే ఉంది.

ఇప్పుడు లీఫ్ షట్టర్, అంటే లెన్స్ లోపల రేకుల్లా తెరుచుకునే షట్టర్. దీని మీద అపోహలు ఎక్కువ. జీఎఫ్‌ఎక్స్‌లో షట్టర్ బాడీలో ఉంటుంది, ఫ్లాష్ సింక్, అంటే ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ షట్టర్ వేగం, సెకనులో 1/125 వంతు. హాసెల్‌బ్లాడ్ ఎక్స్‌లో షట్టర్ లెన్స్ లోపలే ఉంటుంది, కనీసం 1/2000 దాకా సింక్ అవుతుంది. పాత 500 సిరీస్ జైస్ లెన్సులకు 1/500, ఆర్‌జెడ్ 67కు 1/400. చీకటి చేసిన గదిలో ఫ్లాష్‌తో తీసేటప్పుడు ఇది మీకు దాదాపు ఏ ఉపకారమూ చేయదు. అక్కడ కదలికను ఆపేది ఫ్లాష్ మెరుపు, షట్టర్ కాదు. స్టూడియో కోసమే కొంటున్నవాళ్లు లీఫ్ షట్టర్ కోసం అదనంగా డబ్బు పోయొద్దు.

బయట మాత్రం కథ వేరు. వరంగల్ కోటలో కీర్తితోరణాల ముందు, మిట్టమధ్యాహ్నం ప్రీవెడ్డింగ్. అది కేంద్ర పురావస్తు శాఖ పరిధిలోని చోటు, అనుమతి తీసుకునే వెళ్లండి. ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుగును పట్టే స్థాయి) 100లో ఆ ఎండకు 1/125 దగ్గర ఎఫ్ 14, 16 మధ్య పెట్టాలి. వెనక ఉన్న జనం, బోర్డులు అన్నీ షార్ప్‌గా వస్తాయి. ఎఫ్ 4కు రావాలంటే వెలుగును పదహారో వంతుకు తగ్గించే నాలుగు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. ఆ ఫిల్టర్ ఎండతో పాటు మీ ఫ్లాష్ వెలుగును కూడా తినేస్తుంది. అదే లీఫ్ షట్టర్ అయితే 1/2000, ఎఫ్ 4 పెట్టి, పదహారో వంతు ఫ్లాష్ పవర్‌తో పని అయిపోతుంది. పెద్ద లైటు మోసుకెళ్లే చోట చిన్న లైటు చాలు. లక్నవరంలో వేలాడే వంతెన మీద నడుస్తూ లైటు పట్టుకునే అసిస్టెంటుకు ఆ తేడా బాగా తెలుస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: కొన్ని మోనోలైట్ల (స్టూడియో ఫ్లాష్ లైట్ల) మెరుపు ఫుల్ పవర్‌లో నెమ్మదిగా ఆరిపోతుంది. 1/2000లో ఆ మెరుపులో సగం షట్టర్ మూసుకున్నాకే వస్తుంది. పవర్ తగ్గించి, ముందు పరీక్షించుకోండి.

పాత లెన్సుల మీద మోజున్నవాళ్లు ఇక్కడ ఉన్నారని తెలుసు. నాకూ ఉంది. జైస్ సోనార్ 150 ఎఫ్ 4, మామియా 645కు వచ్చిన 80 ఎఫ్ 1.9, పెంటాక్స్ 67కు వచ్చిన 105 ఎఫ్ 2.4, ఇవన్నీ ముఖాన్ని ప్రేమగా చూపించే లెన్సులు. జీఎఫ్‌ఎక్స్ బాడీకి అడాప్టర్‌తో తగిలించుకోవచ్చు. ఫోకస్ చేత్తో చేసుకోవాలి, సింక్ మళ్లీ 1/125కే పరిమితం. కొనేటప్పుడు రెండు చోట్ల మోసపోయే అవకాశం ఉంది. ఒకటి, ఆర్‌బీ, ఆర్‌జెడ్ 67 లెన్సులకు ఫోకస్ రింగు ఉండదు. ఫోకస్ చేసేది కెమెరా బాడీలోని బెలోస్, ముందుకూ వెనక్కూ సాగే ముడతల గొట్టం. మామూలు అడాప్టర్ కొంటే లెన్స్ ఒకే దూరంలో ఇరుక్కుంటుంది. రెండు, కాంటాక్స్ 645 లెన్సుల అపర్చర్ ఎలక్ట్రానిక్. సాదా అడాప్టర్‌లో అపర్చర్ మారదు. ఇక ఫంగస్, అంటే లెన్స్ లోపల పట్టే బూజు. సెల్‌ఫోన్ టార్చ్‌ను వెనక నుంచి వేసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఏటవాలుగా చూడండి. సాలీడు గూడులాంటి సన్నని తీగలు కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి. మన వానాకాలంలో అది పెరుగుతుందే తప్ప తగ్గదు. మీ మంచి లెన్సులనూ ఈ మూడు నెలలు సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలోనే పెట్టండి, తోలు సంచుల్లో కాదు.

ప్రశ్నలకు టైమ్ ఉందంటున్నారు. అడగండి.

ఒక తమ్ముడు అడుగుతున్నాడు, "అన్నా, నా దగ్గర ఫుల్ ఫ్రేమ్‌లో 85 ఎఫ్ 1.2 ఉంది. 110 ఎఫ్ 2 కొంటే బ్లర్ ఇంకా పెరుగుతుందా?" పెరగదు తమ్ముడూ. 110 ఎఫ్ 2 ఇచ్చే బ్లర్ ఫుల్ ఫ్రేమ్‌లో 87 ఎఫ్ 1.6 ఇచ్చే బ్లర్‌తో సమానం. నీ దగ్గరున్నదే ఎక్కువ బ్లర్ ఇస్తుంది. మీడియం ఫార్మాట్‌లో నీకు దొరికేది రంగుల్లో నెమ్మదైన మార్పు, నీడల్లో వివరం, పెద్ద ప్రింటులోనూ నిలిచే స్పష్టత. 102 మెగాపిక్సెళ్లను 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలుగా వేస్తే దాదాపు 39 × 29 అంగుళాలు వస్తుంది. నీ పని అంతా 12 × 36 ఆల్బమ్ షీట్లే అయితే, ఆ 85తోనే ఉండు, డబ్బు లైట్ల మీద పెట్టు. పెద్ద గోడ ఫ్రేములు అడిగే కస్టమర్లు నీకుంటేనే ఇటు రా.

ఆ అక్క చిన్నపిల్లల ఫోటోలు తీస్తారట, 80 మంచిదా 110 మంచిదా అని. అక్కా, మీకు 110. దాని ఆటోఫోకస్ లీనియర్ మోటార్‌తో నడుస్తుంది, చురుగ్గా ఉంటుంది. 80 ఎఫ్ 1.7 చూపు అందమైనదే గానీ ఫోకస్ నెమ్మది. పాకే పిల్లవాడు దానికోసం ఆగడు. బాడీ కూడా ఫేజ్ డిటెక్షన్ (చురుగ్గా ఫోకస్ పట్టే పద్ధతి) ఉన్నది, అంటే 100 మెగాపిక్సెళ్ల రకాలు చూడండి. 50 మెగాపిక్సెళ్ల పాత బాడీల్లో కంటి ఫోకస్ మీద భరోసా పెట్టుకోవద్దు. ఇంకొకటి, ఈ సెన్సర్ ఆకారం 4:3. 16 × 20 ఫ్రేముకు దాదాపు సరిపోతుంది, 12 × 18కు మాత్రం పక్కలు పోతాయి. పిల్లల చేతులు తెగకుండా అటూ ఇటూ చోటు వదిలి తీయండి.

చివరగా వెనక నుంచి అడుగుతున్నారు, 15 మంది ఉమ్మడి కుటుంబాన్ని ఆ 15 అడుగుల గదిలో ఏ లెన్స్‌తో తీయాలని. ఏ లెన్స్‌తోనూ వద్దు. రెండు వరుసలు నిలబెట్టినా 12 అడుగుల వెడల్పు కావాలి. 8 అడుగుల నుంచి పట్టాలంటే 30 ఎంఎం పెట్టాలి. అప్పుడు అంచున నిలబడ్డవాళ్ల ముఖాలు ఐదో వంతుకు పైగా పక్కకు సాగుతాయి. అంచున నిలబడేది ఎవరు? కొత్తగా వచ్చిన కోడలు, అల్లుడు. సాయంత్రం 5 తర్వాత అందరినీ బయట నీడలోకి తీసుకెళ్లండి, అపార్ట్‌మెంట్ సెల్లార్ ముందైనా, గుడి ప్రాంగణమైనా. 63 పెట్టుకుని 17, 18 అడుగులు వెనక్కి పోండి, ట్రైపాడ్ వేయండి, ఎఫ్ 8 పెట్టండి. ముందు వరుసలో పెద్దవాళ్లకు కుర్చీలు వేయండి. ఫోకస్ ముందు వరుస కళ్ల మీద కాదు, రెండు వరుసల మధ్య మొదటి మూడో వంతులో ఉండాలి. పది ఫోటోలైనా తీయండి, పదిహేను మందిలో ఎవరో ఒకరు కన్ను మూస్తూనే ఉంటారు.